తవుడు పోసి కొన్న పిల్ల

పని పేరు ఒకటి, పని ఇంకొకటి

నర్సుగా చేరిన రోజు నాకు అప్పగించిన పని పసిపిల్లలకు పాలు పట్టడం, బరువు చూడటం, జ్వరం వస్తే మందు వేయడం. మానేసే రోజు దాకా నిజంగా చేసిన పని వేరు. ఒక ఒడిలోంచి పిల్లని తీసి ఇంకో ఒడిలో పెట్టడం. వినడానికి ఇంత తేలికైన పని ఇంకోటి ఉండదు. నేను నేర్చుకోవడానికి సగం ఉద్యోగం పట్టింది.

తిరువూరులో మిషన్ వాళ్ళ పసిపిల్లల హోమ్ ఒకటి ఉండేది. తల్లి పోయిన పిల్లలు, తల్లి వదిలేసిన పిల్లలు, ఎవరో తెల్లారేసరికి ఆస్పత్రి మెట్ల మీద పెట్టి వెళ్ళిన పిల్లలు అక్కడ పెరిగేవారు. డెబ్భైల్లో వాళ్ళలో కొందరు విదేశాలకు పెంపకానికి వెళ్ళారు. నడుము సహకరించక యాభై నిండకుండానే నేను ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు మా వీధి ఆడపిల్లలు నర్సింగులో చేరబోతూ వచ్చి, "పెద్దమ్మా, పిల్లల వార్డులో పని తేలికేనా?" అని అడుగుతున్నారు. ఇది వాళ్ళ కోసం.

సుగుణ సిస్టరు మాటల్లో సగం కొట్టేసి వినాలని తిరువూరులో నాకు పేరుంది. కొట్టేయండి, నాకేం బాధ లేదు. ఎండ గురించీ, మా మేట్రన్ గారి గొంతు గురించీ చెప్పినచోట ముప్పావు కొట్టేసినా ఊరుకుంటాను. తవుడు గురించి చెప్పినచోట మాత్రం చిటికెడు కూడా తీయకండి.

మేట్రన్ గారి పద్ధతి

మా మేట్రన్ దేవకృపమ్మ గారు. ఆవిడ హోమ్ వరండాలో నిలబడి ఆయాని కేకేస్తే విస్సన్నపేట సంతలో ఎద్దులు తల తిప్పి చూసేవి. మంచి మనిషి. పాలపొడి డబ్బా తాళం చెవి మెళ్ళో వేసుకుని తిరిగేవారు. ఆవిడ ఉన్నన్నాళ్ళు ఒక్క పిల్ల ఆకలితో పడుకోలేదు. దీన్ని ముందే చెబుతున్నాను, ఎందుకంటే తరవాత ఆవిడ మీద కొంచెం కోపంగా రాస్తాను.

ఆవిడకి ఒక సిద్ధాంతం ఉండేది. పుండుకి అంటుకుపోయిన కట్టు ఒక్క లాగులో ఊడదీయాలి, పిల్లల్ని పంపడం కూడా అంతే. పెంచుకునేవాళ్ళు వచ్చి జీపు ఎక్కుతారు. ఆయా పిల్లని వాళ్ళ ఒళ్ళో పెట్టి వెనక్కి చూడకుండా లోపలికి వచ్చేస్తుంది. జీపు కదులుతుంది. "కాసేపు ఏడుస్తారు, తరవాత నిద్రపోతారు. నువ్వు మనసు పాడుచేసుకోకు" అనేవారు నాతో.

ఒకసారి అలాంటి జీపులో నేనే తోడు వెళ్ళాను. నడక వచ్చీ రాని పిల్లాడు. విస్సన్నపేట దాకా ఏడ్చాడు. ఆ తరవాత ఏడుపు ఆపాడు. నిద్ర మాత్రం పోలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఎవరి వంకా చూడటం లేదు. కొత్త తల్లి మురిసిపోయి, "చూశారా సిస్టర్, ఎంత బుద్ధిమంతుడో!" అంది. ఏడుపు ఆగిపోవడం వేరు, పిల్ల ఊరుకోవడం వేరు. నా నర్సింగు పుస్తకాల్లో ఈ తేడా ఎక్కడా లేదు. మేట్రన్ గారికి చెబితే, "నీకు ప్రతిదానికీ కథ కావాలి" అన్నారు.

నూతి దగ్గర దొర

అలా జీపెక్కి వెళ్ళిపోదామనే స్వీడన్ నుంచి కారిన్, నీల్స్ అనే దంపతులు వచ్చారు. వాళ్ళు వచ్చింది మే నెలలో. ఆ ఎండలకి బస్టాండులో సోడాల అతను తను ఎండలో నిలబడి సీసాలకి గొడుగు పట్టేవాడు.

విదేశీయులకి ఇక్కడ నేరుగా దత్తత ఇవ్వడానికి అప్పట్లో చట్టం లేదు. జిల్లా జడ్జిగారు వాళ్ళని పిల్లకి గార్డియన్లుగా నియమిస్తేనే దేశం దాటించాలి. కోర్టు బందరులో. జడ్జిగారు ఒకసారి సెలవు, ఒకసారి ఆయన ఉన్నా మన కేసు పిలుపుకి రాలేదు, ఇంకోసారి ఇంకేదో. వాయిదా మీద వాయిదా పడింది. అందుకని వాళ్ళిద్దరూ హోమ్ ఆవరణలోనే అతిథుల గదిలో వేసవంతా ఉండిపోవాల్సి వచ్చింది.

పాపకి పది నెలలు. రికార్డులో పేరు గ్రేస్. ఆ పేరుతో పిలవగా నేను ఎప్పుడూ వినలేదు. పాపని చూసే ఆయా మార్తమ్మ 'తవిటీ' అనేది, అందరూ అదే అనేవారు.

వాళ్ళు వచ్చిన మర్నాడే నీల్స్ లుంగీ ఎగ్గట్టి నూతి పళ్ళెం దగ్గర కూర్చుని పాప గుడ్డలు ఉతకడం మొదలుపెట్టాడు. ఆరడుగుల పైన తెల్లటి మగమనిషి, చేతిలో సబ్బు, ఒళ్ళో పిల్ల ముడ్డిగుడ్డలు! ప్రహరీ గోడ మీద వరసగా తలకాయలు లేచాయి. సోడాల అతను నన్ను పిలిచి గుసగుసగా అడిగాడు.

"సిస్టరు గారండీ, ఆయన ఏం నేరం చేశాడండీ?"

"నేరం కాదు బాబూ. వాళ్ళ దేశంలో పెళ్ళిచూపుల్లో గుడ్డ ఉతికిస్తారు. తెల్లగా వస్తేనే పిల్లనిస్తారు" అన్నాను.

ఆ మాట మైలవరం దాకా పాకి, తిరిగి నా దగ్గరికే ఇంకో రూపంలో వచ్చింది. అప్పటికి అందులో సర్టిఫికెట్టు కూడా చేరింది.

పొగడ్త

కారిన్‌తో వచ్చిన చిక్కు నవ్వులాట కాదు. ఆవిడ చాలా మంచిది, చాలా సిద్ధపడి వచ్చింది. రాగానే నా దగ్గర కూర్చుని, "పిల్లతో రోజంతా ఏం మాట్లాడాలి, నేర్పండి" అని ఇంగ్లీషులో అడిగింది. బంగారం, అందంగా ఉన్నావు, ఎంత ముద్దొస్తున్నావో అని ఆవిడ అడిగిన మాటలన్నీ నేర్పాను. పొద్దున్న లేచింది మొదలు పాప మొహంలో మొహం పెట్టి అవే మెత్తగా, పాటలాగా అంటూ ఉండేది.

ఆయాలు నివ్వెరపోయారు. కన్నతల్లి కూడా పిల్లని మొహం మీద అందంగా ఉన్నావని అనని ఊళ్ళు మావి. ఎవరైనా పొరపాటున బాగుందంటే తల్లే ముందు 'ఏం బాగు, పిచ్చి మొహం' అని కొట్టిపారేయాలి. లేకపోతే దిష్టి. మార్తమ్మ పాప బుగ్గ మీద రూపాయంత కాటుక చుక్క పెట్టేది. కారిన్ అది మురికనుకుని తడి దూదితో తుడిచేది. ఆవిడ అటు తిరగ్గానే మార్తమ్మ మళ్ళీ పెట్టేది. సాయంత్రానికి పాప బుగ్గ ఎర్రగా కందిపోయేది.

పాపకి సరిగ్గా కొత్త చేసే వయసు, పరాయి మొహం చూస్తే చాలు ఏడుపే. కారిన్ ఎత్తుకుంటే విల్లులా వెనక్కి వంగిపోయేది. మెత్తగా మాట్లాడేకొద్దీ ఇంకా గట్టిగా అరిచేది. కారిన్ మొహం చూసి నాకే కళ్ళనీళ్ళు వచ్చేవి. పిల్లలు లేక ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన మనిషి.

మార్తమ్మ బేరం

ఒక మధ్యాహ్నం మార్తమ్మ నా దగ్గరికి వచ్చి కొంగు నడుముకి దోపుకుని నిలబడింది.

"సిస్టరమ్మా, దొరసానమ్మకి చెప్పు. పిల్లని నా దగ్గర కొనుక్కోవాలి."

"ఏంటే నువ్వనేది?"

"చేటెడు తవుడు పోసి కొనుక్కోవాలి. ఊరికే తీసుకెళ్తే ఒప్పుకోను."

ఇది తెలియని పిల్లలకి చెప్పాలి. పుట్టిన పిల్లలు బతక్కుండా పోతున్న ఇంట్లో, మళ్ళీ పుట్టిన బిడ్డని చేటలో పెట్టి ఇంకొకరి చేతికిచ్చి, గేదెలు తినే తవుడు పోసి తిరిగి కొనుక్కుంటారు. ఇంత పనికిమాలిన సరుకు మనకెందుకని చావు పక్కకి తప్పుకుంటుందని నమ్మకం. ఊళ్ళలో తవిటమ్మలూ, పుల్లయ్యలూ, పెంటయ్యలూ అలా వచ్చినవాళ్ళే. వర్షాకాలంలో పాపకి విరేచనాలు పట్టుకుని చేతిలోంచి జారిపోబోయినప్పుడు, మేట్రన్ గారు మిషన్ గుడిలో ప్రార్థన పెట్టించారు, నేను ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చుక్క చుక్క పట్టాను, మార్తమ్మ మాకెవరికీ చెప్పకుండా ఊడ్చే మనిషి చేతిలో తవుడు పోసి పాపని కొంది. పాప బతికింది. ఎవరివల్లనో మేం ముగ్గురం ఇప్పటికీ తేల్చుకోలేదు.

మార్తమ్మ ఆదివారం ఆదివారం గుడికి వెళ్ళే మనిషే. దానికీ దీనికీ ఆవిడ మనసులో తగాదా లేదు.

నేను జీవితంలో ఎప్పుడూ ఏ మాటా ఉన్నదున్నట్టు ఇంకొకరికి చేరవేసి ఎరగను. ఆ రోజు ఎందుకో కారిన్‌కి ఒక్క ముక్క కలపకుండా చెప్పాను. "పాపని కొనుక్కోమంటోంది, మార్తమ్మ." అదే కొంప ముంచింది.

కారిన్ మొహం సున్నం కొట్టినట్టయింది. బందరు ప్లీడరు గారు వాళ్ళకి మొదటి రోజే గట్టిగా చెప్పి ఉన్నారు: పిల్ల కోసం ఎవరికీ ఏదీ ఇవ్వకూడదు, ఇచ్చారన్న మాట కోర్టు చెవిన పడితే కేసు అక్కడితో సరి. "ఇది అమ్మకాల చోటా?" అని అడిగింది. నేను తవుడంటే ఏమిటో చెప్పబోయేలోపు ఆవిడ మేట్రన్ గారి గదిలో ఉంది.

మేట్రన్ గారు ఆ సాయంత్రమే మార్తమ్మని పంపేశారు. వరండాలో అందరి ముందూ, "దేవుడి ఇంట్లో పిల్లని బేరం పెడతావా?" అన్నారు. మార్తమ్మ పాపని నా చేతికిచ్చి, సంచీ తీసుకుని బస్టాండు వైపు నడిచింది. ఒక్క లాగులో కట్టు ఊడదీశారు.

పాప ఆ రాత్రీ మర్నాడూ ఏడ్చింది. తరవాత ఆపింది. పాలసీసా నోట్లో పెడితే పాలు పెదవుల పక్కనుంచి కారిపోతున్నాయి, తాగాలన్న ధ్యాస లేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. జీపులో పిల్లాడి కళ్ళు. కారిన్ ఎత్తుకుంటే ఇప్పుడు వెనక్కి వంగడం లేదు, గుడ్డమూటలా ఉంటోంది. మేట్రన్ గారు, "చూడు, అలవాటు పడుతోంది" అన్నారు.

కారిన్ అలా అనుకోలేదు. ఆ విషయంలో ఆవిడకి నమస్కారం పెట్టాలి. మంచం చివర కూర్చుని నాతో అంది: "సుగుణా, ఈ పిల్లకి నేను అక్కర్లేదు. బలవంతంగా తీసుకెళ్ళలేను. మేం ఇద్దరమే తిరిగి వెళ్ళిపోతాం."

నీల్స్ గుమ్మంలో తడి గుడ్డలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఎ.కొండూరు వైపు బస్సు

మర్నాడు పొద్దున్నే మేట్రన్ గారు బందరు వెళ్ళారు. నేను కారిన్‌నీ పాపనీ ఎ.కొండూరు వైపు బస్సు ఎక్కించాను. పాపకి గాలి మార్పు అని నీల్స్‌కి చెప్పాను. మార్తమ్మ ఊరు రోడ్డు మీదే.

మార్తమ్మ పాకలో గేదెకి కుడితి కలుపుతోంది. పాప ఆవిడ గొంతు విని తల ఎత్తింది. అంతే, కారిన్ చేతుల్లోంచి దూకబోయింది. మార్తమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. పాప ఆవిడ మెడలో మొహం దూర్చి, అప్పుడు ఏడ్చింది. రెండు రోజుల ఏడుపు. కారిన్ గోడవైపు తిరిగి నిలబడింది.

"ఎందుకే అంత మాట అన్నావు?" అని అడిగాను మార్తమ్మని. "పిల్లని ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా?"

మార్తమ్మ నా వంక ఆశ్చర్యంగా చూసింది.

"ఇవ్వడం ఇష్టం లేకపోతే అమ్ముతానంటానా సిస్టరమ్మా? నాకు ముగ్గురు పుట్టారు. ముగ్గురినీ బంగారమనీ వరహాలనీ పిలిచాను. కొత్త గౌన్లు తొడిగి తిరువూరులో ఫోటో తీయించాను. ముగ్గురూ పోయారు. ఈ పిల్లని నేను కొన్నాను, నా పిల్ల అయింది. ఇప్పుడీవిడ కొనకుండా తీసుకెళ్తే ఎంత దూరం పోయినా నా పిల్ల కిందే లెక్క. నా లెక్కలో పిల్లలు బతకరు. ఈవిడ లెక్కలోకి పోనీ. అందుకే అమ్ముతానన్నాను."

కుడితి తొట్టి వంక చూస్తూ ఇది కారిన్‌కి చెప్పాను. కారిన్ విన్నది. ఇటు తిరిగింది. ఒకటే ప్రశ్న వేసింది.

"తవుడు ఎక్కడ దొరుకుతుంది?"

"ఆ తొట్టి పక్కనే ఉందిగా" అన్నాను.

"భలేదానివి సిస్టరమ్మా! నా తవుడు నాకే పోస్తే అది బేరం ఎట్టా అవుద్ది?" అంది మార్తమ్మ కోపంగా.

కారిన్ మార్తమ్మ చేట తీసుకుని రోడ్డు అవతల రైసు మిల్లుకి వెళ్ళింది. డబ్బు ముట్టకూడదు, ప్లీడరు గారి మాట మాటే. ఎండకి పెట్టుకున్న గడ్డి టోపీ తీసి మిల్లు గుమాస్తా తలమీద పెట్టి, చేట చాపింది. అతను నోరు తెరిచి నిండా పోశాడు. ఆ టోపీ పెట్టుకునే అతను తన పెళ్ళికి ఊరేగాడంటారు. కొట్టేయండి కావాలంటే. తెల్లటి దొరసాని తవుడు చేట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటి వచ్చిందన్నది మాత్రం కొట్టేయకండి. వెనకాల ఊరంతా వచ్చింది.

మార్తమ్మ ఇంకో చేటలో పాపని పడుకోబెట్టి నేల మీద పెట్టింది. పాప మళ్ళీ ఏడుపు అందుకుంది.

"ఏమమ్మా, ఇది పనికొచ్చే సరుకేం కాదు. తీసుకుంటావా, పారెయ్యమంటావా?" అని బేరం మొదలెట్టింది.

"ఇప్పుడు మీరు పిల్లని తీసిపారేయాలి. అందంగా లేదు, పనికిరాదు అనాలి" అన్నాను కారిన్‌తో.

"నేనలా అనలేను" అంది కారిన్. "ఏ పిల్లతోనూ అనలేను."

మోకాళ్ళ మీద కూర్చుంది. పాప ముక్కు కారుతోంది. తుడవబోతే పాప చేయి తోసేసింది. మళ్ళీ తుడవబోయింది, మళ్ళీ తోసేసింది. అప్పుడు, ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు, మార్తమ్మ పాపకి రోజూ నీళ్ళు పోసేటప్పుడు కిటికీలోంచి వినబడే మాట ఆ రాగంలోనే ఆవిడ నోట్లోంచి వచ్చింది.

"ఓసి ముక్కు చీమిడి దానా! ఎవరికి కావాలే నువ్వు?"

పాప ఏడుపు ఠక్కున ఆగింది. మార్తమ్మ వంక చూసింది. మార్తమ్మ నోరు కదలడం లేదు. కారిన్ వంక చూసింది.

"ఎవరికి కావాలే? కోతిపిల్లా!"

పాప నవ్వింది. కింద రెండు పళ్ళూ కనబడేలా నవ్వి, చేటలోంచి రెండు చేతులూ పైకి చాపింది. కారిన్ వైపు.

పది నెలలుగా ఆ పిల్ల చెవిలో పడిన ప్రేమంతా తిట్టే. పాలు పట్టినా, ఒళ్ళు రుద్దినా, జ్వరంలో రాత్రంతా భుజాన వేసుకుని తిరిగినా, ఆ గొంతుతో ఆ మాటలే. కారిన్‌కి నేను ఏరి ఏరి నేర్పిన మెత్తటి మాటలు పాపకి అడివిలో కూతల్లాంటివి. నర్సునై ఉండి, ఆ ఊళ్ళలోనే పుట్టి, మా అమ్మ చేత అవే తిట్లు తిని పెరిగి, నాకు తట్టలేదు.

మార్తమ్మ తవుడు చేట అందుకుని, ఒక్క క్షణం ఆగి, మొత్తం గేదె తొట్టిలో కుమ్మరించింది.

"తీసుకుపో. వాపసు తీసుకోను" అంది.

గుమ్మం అవతలికి

మేట్రన్ గారు తిరిగొచ్చాక మార్తమ్మని మళ్ళీ పనిలోకి తీసుకోవాలని అడిగాను. "దాన్నా? ఆ అమ్మకాల మనిషినా?"

"మారిపోయిందండీ. దొరసాని గారు కళ్ళారా చూశారు. మోకాళ్ళ మీద కూర్చుని కన్నీళ్ళు కారుస్తోంది" అన్నాను. కూర్చున్నదీ నిజమే, కన్నీళ్ళూ నిజమే. అవి ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ కార్చిన కన్నీళ్ళని మాత్రం చెప్పలేదు.

మార్తమ్మ వచ్చింది. ఈసారి కట్టు ఒక్క లాగులో తీయలేదు. మొదట మార్తమ్మ నీళ్ళు పోస్తుంటే కారిన్ పక్కన కూర్చుని తిట్లు అందించేది. తరవాత కారిన్ గచ్చు మీద కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద పడుకోబెట్టి తనే పోసేది, మార్తమ్మ చెంబు అందించేది. తరవాత మార్తమ్మ గుమ్మంలో కూర్చునేది. తరవాత గుమ్మం అవతల, వినబడేంత దూరంలో. మెత్తటి మాటలు కూడా కారిన్ మానలేదు, తిట్ల మధ్యలో ఒకటీ ఒకటీ కలిపేది. వినగా వినగా పాపకి అవీ రుచించాయి. కాటుక చుక్క ఇప్పుడు కారినే పెట్టేది, మార్తమ్మ పెట్టినదానికంటే పెద్దది.

మేట్రన్ గారు వరండాలోంచి రోజూ చూసేవారు. ఆ ఏడాది తరవాత హోమ్‌లో పిల్లలెవరినీ వచ్చిన రోజే జీపెక్కించలేదు. తను తప్పు చేశానని ఆవిడ ఎప్పుడూ అనలేదు, పద్ధతి మాత్రం మార్చేశారు. పై అధికారుల్లో మీకు ఇంతకంటే మంచివాళ్ళు దొరకరు. దొరికితే నాకు చెప్పండి.

బందరులో

చివరికి కేసు పిలిచారు. జడ్జిగారు మమ్మల్ని తన గదిలోకే పిలిపించారు. కళ్ళజోడు, తెల్ల జుట్టు, నవ్వెరగని మొహం. ప్లీడరు గారు దారిలోనే నాకు వేలు చూపించి చెప్పారు: "సిస్టరు గారూ, అడిగినదానికి అవును, కాదు. కథలొద్దు."

నీల్స్‌ని ఏవో అడిగారు, నన్నూ అడిగారు, నేను అవును, కాదు అని చెప్పాను. అంతా సాఫీగా సాగుతోంది. కాగితాలు పక్కన పెట్టి జడ్జిగారు కారిన్ ఒళ్ళో పాప వంక చూశారు. మర్యాదకి, తెలుగులో, "పాప చాలా బాగుందమ్మా" అన్నారు.

కారిన్ ఉలిక్కిపడి, పాప మొహం భుజాన కొంగులా వేసుకున్న తువ్వాలుతో కప్పేసి, తెలుగులోనే గబగబా అనేసింది:

"ఛీ, ఏం బాగండీ! ముక్కు చీమిడిది. తవుడు పోసి కొన్నాను."

ప్లీడరు గారు కుర్చీ చెయ్యి పట్టుకున్నారు. అలాంటి మొహం పోస్టుమార్టం గదిలో కూడా నేను చూడలేదు. అన్ని అబద్ధాలు పుట్టించిన నా తలకాయలో అవసరానికి ఒక్కటి పుట్టలేదు.

జడ్జిగారు కళ్ళజోడు తీశారు.

"ఎంత తవుడు?"

"చేటెడండీ" అంది కారిన్.

"చేటెడా?" ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు, చాలాసేపు. "మా వాళ్ళు నన్ను చెత్తకుప్ప మీద పడుకోబెట్టి ఊరికే ఎత్తుకొచ్చారు. మా అమ్మ బతికున్నంతకాలం నన్ను పెంటయ్యా అనే పిలిచింది." తరవాత గుమాస్తా వైపు తిరిగి, "తవుడు మాట రాయనక్కర్లేదు" అన్నారు.

ఆర్డరు ఆ రోజే వచ్చింది.

చివరి పాఠం

పాస్‌పోర్టు వచ్చేదాకా వాళ్ళు ఇంకొన్నాళ్ళు ఉన్నారు. ఆ రోజుల్లో మార్తమ్మ వాళ్ళ గది వైపు వెళ్ళలేదు. పక్క వార్డులోకి ఇంకో పసిగుడ్డు వచ్చింది, ఆ పని చూసుకుంది. నేను అడిగితే, "బేరం అయిపోయాక సరుకు చుట్టూ తిరగకూడదు" అంది.

వెళ్ళే రోజు పొద్దున జీపు వచ్చింది. ఆయాలందరూ వరండాలోకి వచ్చారు. మార్తమ్మ వెనక నిలబడింది. కారినే ఆవిడని వెతుక్కుంటూ వచ్చి, "తీసుకోండి, మార్తమ్మా" అంటూ పాపని అందించింది. మార్తమ్మ చేతులు చాపింది.

పాప మార్తమ్మ వంక చూసింది. కింది పెదవి వణికింది. చటుక్కున వెనక్కి తిరిగి, కారిన్ మెడ రెండు చేతులా పట్టుకుని మొహం దూర్చేసి, భోరుమంది.

కొత్త చేసింది. మార్తమ్మకి.

మేట్రన్ గారంతటి మనిషి మెళ్ళో తాళం చెవి గట్టిగా పట్టుకున్నారు. ప్రాణం పోసి పెంచిన మనిషిని చూసి పరాయిదాన్ని చూసినట్టు ఏడవడమా?

చాపిన చేతులు మార్తమ్మ కాసేపు అలాగే ఉంచింది. తరవాత వాటిని మెల్లగా దించి, కొంగుకి తుడుచుకుంది. ఆవిడ మొహంలోకి నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎంత పెద్దదంటే, వద్దులెండి, అది నేను పెంచి చెప్పను.

"అమ్మయ్య, సిస్టరమ్మా" అంది. "నా లెక్కలోంచి పోయింది."

జీపు కదులుతుంటే వెనకాల నాలుగడుగులు పరిగెత్తి అరిచింది: "పోవే, ముక్కు చీమిడి దానా! ఎవరికి కావాలే నువ్వు?"

జీపులోంచి తెలుగులో జవాబు వచ్చింది, కారిన్ గొంతుతో.

"నాకు!"